కాయిన్ బొమ్మ గొడుగు

మునిరాజకు, పుంగనూరు నుంచి మీ మామ కోపంగానే రాస్తున్నాడు.

పోయిన వారం కుప్పం నుంచి వచ్చి నువ్వు ఇచ్చిపోయిన గొడుగును, ఎండకు పనికొస్తుందని గొర్రెల సంతకు తీసుకుపోయాను. దాని మీద మీ క్రిప్టో కాయిన్ బొమ్మ ఉందని తెలుసు. జనం దాన్ని నా మాటగా తీసుకుంటారని మాత్రం తట్టలేదు.

ముప్పై ఏళ్లుగా ఆ సంతలో నేను పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెబితేనే జనం దాన్ని కొంటారు. అలాంటివాడు పట్టుకున్న గొడుగాయె. గొర్రెలు మేపే బీరప్ప తన పొట్టేలును అమ్మిన డబ్బుతో నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"నువ్వు సేరినావంటే సాలన్నా, నేనూ దాంట్లో దుడ్లేస్తా."

"నేను సేరలేదప్పా. దానికి నోరు యాడుండాదో కూడా నాకు తెలీదు."

వాడు నవ్వాడు. "లాభమంతా నీకొక్కడికేనా అన్నా?"

ఎవరికి వద్దని చెప్పినా ఇదే మాట. విసుగొచ్చి గొడుగును అటక మీద పడేస్తే, "దాసిపెట్టినాడు సూడు" అంటున్నారు.

ఆదివారం మదనపల్లెలో నువ్వు పెట్టే మీటింగుకు ఐదుగురు నా పేరు చెప్పుకుని వస్తున్నారు. బంధువులందరికీ చెప్పమని ఫోన్ చేసి రోజూ నా ప్రాణం తీస్తావు కదా, ఇప్పుడు నువ్వు చెప్పు. మా మామకు దీని గురించి ఏమీ తెలీదని వాళ్ల ముందు నీ నోటితో చెప్పి వెనక్కి పంపు.

నేను చెబితే నమ్మడం లేదు. ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి.