అన్వితకు పత్యం లేదు

పెద్దమ్మా,

కుక్కర్‌ల పప్పన్నం ఉన్నది. అన్విత లేవంగనే పెట్టు. జావ కాదు, పప్పన్నమే. పప్పు తింటే కుట్లు చీము పడతయని నువ్వంటవ్. అపెండిక్స్ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే "అన్నీ తిననియ్యండి, నడవనియ్యండి, జల్ది కోలుకుంటది" అని చెప్పి ఇంటికి పంపింది. నువ్వు పక్కనే ఉండి విన్నవ్ కదా!

పొద్దున దాని చెప్పులు బియ్యం డబ్బా వెనక దొరికినయ్. అది నడవొద్దని దాచింది నువ్వేనని నాకు తెల్వదా? మళ్ల గుమ్మం దగ్గర పెట్టిన. ఎండ తగ్గినంక కాలనీ పార్కు దాక నడిపియ్యి. పచ్చి కుట్లతోని పిల్లను తిప్పుతున్నరని పక్కింటోళ్లు లొల్లి చేస్తే నా పేరు చెప్పు. తల్లే మొండిది, ఎవ్వరి మాట వినదని చెప్పు.

క్యాంపస్‌ల పిల్లలకు ల్యాబ్ పరీక్ష పెట్టాలె, పోతున్న. వచ్చేటప్పుడు తార్నాకల అరటిపండ్లు తెస్తా. అవి కూడా తింటది.

శైలజ

నిన్న నేను లేనప్పుడు దానికి జావ పోసి, నువ్వు కూడా ఉత్త జావే తాగి పండుకున్నవంట. అన్విత చెప్పింది. పప్పన్నం ఇద్దరికి వండిన. దానికి పత్యం లేదంటే నీకు కూడా లేనట్టే.