స్టీరింగ్ దగ్గరున్నవాడు

ఒరేయ్ చిన్నోడా, అన్నం గిన్నె మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచాను. తిన్నాకే కౌన్సెలింగుకు వెళ్ళు. నేను డ్యూటీ అయ్యాక చీకటి పడేలోపు వచ్చేస్తాను.

పదిమందితో కూర్చుని మాట్లాడే పద్ధతి నీకు పడలేదు, సరే. ఇప్పుడు కౌన్సెలింగ్ మేడమ్ ముందు నువ్వొక్కడివే. జరిగింది మొదటి నుంచి చెప్పాలి, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఈ పద్ధతిలో అదే మందట. మొన్న మాత్రం అంబులెన్సు నుంచి కంట్రోల్ రూముకు చెప్పినట్టు చెప్పొచ్చావు: "స్థలానికి చేరాం, పాపకు నాడి అందలేదు, ఆసుపత్రికి తరలించాం." "రిపోర్టు బాగుంది, ఇందులో మీరెక్కడున్నారు?" అని ఆవిడ అడిగితే "స్టీరింగ్ దగ్గర" అన్నానని నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు.

ఇవాళ ఆ స్టీరింగ్ దగ్గరున్నవాడి సంగతి చెప్పు. ఏడుపొస్తే ఏడు.

సొంత అక్కకు చెప్పనిది బయటివాళ్ళకు చెబుతున్నావని నాకు ఉక్రోషంగానే ఉంది. ఉండనీ. వచ్చాక ఏమీ అడగను.

అక్క

మర్చిపోయాను. ఆ పాపను తీసుకెళ్ళిన రోజు నుంచీ బూట్లతోనే పడుకుంటున్నావు. ఈ రాత్రికి విప్పెయ్. పిలుపొస్తే నేను లేపుతాను.