శనివారం కొన్న స్క్రూడ్రైవర్

కమ్మింగ్, జార్జియా
16 అక్టోబర్ 2011, ఆదివారం

గౌరవనీయులైన విజయశ్రీ వదినగారికి,

మీ మరిది యోగానంద్ నమస్కారాలు. అన్నయ్యగారికి కూడా నా నమస్కారం చెప్పండి. ఇర్వింగ్‌లో మీరిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారని, అన్నయ్యగారి షుగరు అదుపులో ఉందని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమం అని రాయబోయి, 'మేము' కొట్టేసి 'నేను' అని దిద్దాను. పద్మిని పోయి మూడు నెలలైనా నా చెయ్యి పాత అలవాటు మానలేదు. కొట్టివేత కనిపిస్తే ఏమీ అనుకోకండి.

మీ ఉత్తరం అందింది. చరిత మీకు ఫోన్ చేసి ఏడ్చిందని, డాడీని నువ్వే ఒప్పించాలి పెద్దమ్మా అని బతిమాలిందని రాశారు. నన్ను అడిగి అడిగి విసిగిపోయి మిమ్మల్ని రాయబారానికి పంపిందన్నమాట. జవాబు ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ ఫోన్లో మీ గొంతు అచ్చం మీ చెల్లెలి గొంతులాగే ఉంటుంది. అది విని దేనికైనా సరే అనేస్తానేమోనని భయపడి కాగితం పట్టుకున్నాను.

ఈ ఇల్లు అమ్మేసి, షాంటిలీ వెళ్ళి తన దగ్గర ఉండాలని చరిత పట్టు. వచ్చే నెల థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చినప్పుడు ఏజెంటును కూడా పిలుస్తానంటోంది. పిల్ల మాటలో తప్పేమీ లేదు. కిందటి నెల వచ్చినప్పుడు పూజ అలమర చూసింది. పద్మిని చెక్కలు కొని, కోసి, తన చేత్తో బిగించిన అలమర అది. పై బందు వదులై తలుపు ఒక పక్కకు వేలాడుతుంటే నేను టేపు అంటించి ఉంచాను. చరిత ఆ టేపు చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. డాడీ, ఒక డోర్ ఫిక్స్ చేసుకోలేవు, ఇంత పెద్ద హౌస్‌లో ఒక్కడివీ ఎలా మేనేజ్ చేస్తావు, నీకేమన్నా అయితే నాకు ఎవరు చెప్తారు అంది. పిల్లల డాక్టరుగా ముప్పై ఏళ్ళపాటు ఎంతమంది తల్లులకు ధైర్యం చెప్పానో లెక్కలేదు. నా కూతురి ముందు మాత్రం ఊడొస్తున్న టేపు కొసలు నొక్కుతూ నిలబడ్డాను.

పనిముట్లు లేక కాదు. పద్మిని లాంటి రోడ్ల శాఖ ఇంజనీరు ఇంట్లో పనిముట్లకు కరువా? గరాజ్ గోడకి ఆమె స్క్రూడ్రైవర్లు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. వాటిలో ఏది ఏ స్క్రూకి పనికొస్తుందో నాకేం తెలుసు. చేతికి దొరికింది పెట్టి తిప్పితే స్క్రూ తల మీది గాడి కాస్తా అరిగిపోయింది. పైగా నా కుడి బొటనవేలి కీళ్ళవాతం సంగతి మీరు ఎరిగిందే. మణికట్టు ఒకసారి తిప్పి, స్క్రూడ్రైవర్ పైకి తీసి, మళ్ళీ గాడిలో పెట్టేసరికి వేలు సలుపుతుంది, మొన జారిపోతుంది. టేపు అంటించింది అందుకే.

ఇంత యాతన అక్కర్లేదు అంకుల్, రాచెట్ స్క్రూడ్రైవర్ ఒకటి తెచ్చుకోండి అని ఎదురింటి రవి అన్నాడు. దాన్ని గాడిలోంచి తియ్యనక్కర్లేదట. చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే చాలు, బిగించే వైపు తిప్పినప్పుడే స్క్రూ తిరుగుతుంది, చెయ్యి వెనక్కి వచ్చేటప్పుడు కటకటమని ఊరుకుంటుంది. మొనలను బిట్లంటారు. రకరకాల బిట్లు పిడి లోపలే ఉంటాయి కాబట్టి ఒక్కటి కొంటే ఇంటి పనులన్నిటికీ సరిపోతుందని చెప్పాడు.

ఆ వస్తువంటే పద్మినికి ఎంత చులకనో మీకు తెలియదు. ఒకసారి షాపులో నేను ముచ్చటపడి చేతిలోకి తీసుకుంటే, పని రానివాళ్ళ కోసం చేస్తారు అవి, అక్కడ పెట్టండి అంది. బుద్ధిగా పెట్టేశాను. ఇప్పుడు పని రానివాణ్ణి నేనే కదా, సిగ్గెందుకని నిన్న పొద్దున బయల్దేరాను.

నిన్న శనివారం. మీరు అప్పుడే నవ్వుకుంటున్నారని తెలుసు. శనివారం ఇనుము ఇంట్లోకి తేకూడదన్నది మా అమ్మ నాకు నేర్పిన నియమం. డాక్టరు చదువు చదివి ఇదేం చాదస్తమయ్యా అని మీరూ అన్నారు. పద్మినికి వారమంతా ఉద్యోగం, ఇనప సామాన్లు కొనడానికి శనివారం తప్ప తీరిక ఉండేది కాదు. మేకులో సుత్తో పట్టుకుని వస్తే నేను గుమ్మంలో అడ్డంగా నిలబడేవాణ్ణి. రెండేళ్ళు పోట్లాడుకుని చివరికి రాజీకి వచ్చాం. శనివారం కొనొచ్చు గాని కారు వెనక ట్రంకులోనే ఉండాలి, ఆదివారం లోపలికి తేవాలి. శనిదేవుడికి ట్రంకు తియ్యడం రాదు పాపం అని నలుగురిలో నన్ను ఆటపట్టించేది. ఆటపట్టిస్తూనే ఒక్కసారి కూడా మాట తప్పలేదు. తను నమ్మి కాదు, నేను నమ్ముతానని.

ఆఖరి శనివారం కూడా ఏదో కొనాలని వెళ్ళింది. గురువారం ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడు బజారేమిటి అంటే వినలేదు. గుండె కవాటం మార్చడం చిన్న పనే, నెల తిరిగేసరికి నువ్వే మళ్ళీ గోడలకు మేకులు కొడతావని ఆమెకు రోజూ చెబుతుండేవాణ్ణి. గుండె ఎంత నీరసించిందో రిపోర్టులు చూసిన నాకు తెలుసు. ఆమె మాత్రం నా మాట నమ్మి తల ఊపేది. ఆ రోజు తిరిగొచ్చి, ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారు ఆపి చాలాసేపు దిగలేదు. కిటికీలోంచి చూసి, మీతో ఫోన్లో మాట్లాడుతోందనుకున్నాను. సాయంత్రం నొప్పి మొదలైంది. ఆ తరవాతది మీకు తెలుసు. ఆదివారం తెల్లవారకముందే వెళ్ళిపోయింది.

నిన్నటి సంగతి చెబుతూ ఎటో వెళ్ళిపోయాను. నా కారు బ్రేకులు బాగు చెయ్యడానికి ఇచ్చాను కాబట్టి పద్మిని కారు తీశాను. బ్యాటరీ దిగిపోకుండా వారానికోసారి డ్రైవ్‌వే చివరిదాకా నడిపి వెనక్కి పెడుతున్నానే గాని దాన్ని రోడ్డెక్కించడం నిన్ననే. సీటు ఆమె ఎత్తుకి ముందుకు జరిపి ఉంది. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతున్నా వెనక్కి జరపబుద్ధి కాలేదు. అలాగే ముడుచుకుని నడిపాను.

షాపులో ఒక గోడంతా అవే. దేన్ని చూసి ఏం తెలుసుకోవాలి? ఒకదాని పిడి మూత తిప్పగానే బిట్లన్నీ నేల మీద చిందాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకుంటుంటే ఒక అమెరికన్ పెద్దావిడ వంగి సాయం పట్టింది. ఏం బాగు చేస్తున్నారని అడిగింది. మా ఆవిడ చేసిన అలమర అన్నాను. మరి ఏది కొనాలో ఆవిడనే అడగండి, ఆవిడకే బాగా తెలుస్తుంది అంది. మంచి మనసుతోనే అంది వదినగారూ. అడుగుతానని చెప్పాను.

ఆ తరవాత పట్టుదల వచ్చింది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, పసిపిల్లల గుండె విన్నట్టు చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను. కొన్నిటికి లోపలి పళ్ళు ముతక, చెయ్యి సగం తిప్పితే గాని పట్టుకోవు. సన్నటి పళ్ళున్నది కాస్త కదిపితే చాలు. బిగించడానికీ, ఊడదియ్యడానికీ, కదలకుండా పట్టడానికీ మార్చుకునే మీట కొన్నిటికి మరీ బిరుసు, నా బొటనవేలికి లొంగలేదు. మొనకి అయస్కాంతం లేకపోతే స్క్రూ చేతిలోంచి జారి ఎక్కడ పడుతుందో తెలియదు. అన్నీ చూసుకుని నల్ల పిడి, ఎర్ర మీట ఉన్నది ఒకటి ఎంచాను. ఎవరినీ అడగకుండా ఈ ఇంటికి నేను కొన్న మొదటి పనిముట్టు అదే.

అలమర తలుపు బిగించాను. అరిగిపోయిన స్క్రూ మీద రబ్బరు బ్యాండు అడ్డం పెట్టి తిప్పమని రవి చెప్పాడు. అలా తిప్పితే వచ్చేసింది. దాని స్థానంలో కొత్తది వేశాను. టేపు పీకి పారేశాను. తలుపు ఇప్పుడు సాఫీగా పడుతోంది. దీపం పెట్టి, చాలాసేపు తలుపు తీస్తూ వేస్తూ కూర్చున్నాను.

అందుకని చరితకి మీరే చెప్పండి, ఏజెంటును పిలవొద్దని. నాది మొండితనం కాదు. ఈ ఇంట్లో ప్రతి అరా, ప్రతి కొక్కెం ఆమె బిగించినవి. రోజుకొకటి వదులవుతూనే ఉంటుంది. ఇంకెవరైనా ఉంటే ఊడబీకి కొత్తది తెచ్చుకుంటారు. నేనుంటే బిగిస్తాను. నా చెయ్యి ఆడినన్నాళ్ళు ఉంటాను, ఆడని రోజున నేనే ఫోన్ చేసి రమ్మంటాను. ఆ మాట మీ మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను.

అన్నయ్యగారిని మిఠాయిలకు దూరంగా ఉంచండి. చలి మొదలవకముందే మీరిద్దరూ ఒకసారి వచ్చి ఆ తలుపు చూసి వెళితే సంతోషిస్తాను.

మీ మరిది,
యోగానంద్

తా.క.: సంతకం పెట్టి, కవరు అంటించబోయి ఆగాను. మీ దగ్గర దాచి ఏం చేసుకోను. పైన రాసిందంతా జరిగిందే గాని, తలుపు బిగించింది నేను ఎంచిన దాంతో కాదు.

నిన్న షాపు నుంచి వచ్చాక, శనివారం కదా అని, కొన్నదాన్ని ఉంచడానికి పద్మిని కారు ట్రంకు తెరిచాను. ఆమె పోయాక తెరవడం అదే మొదటిసారి. అందులో అదే షాపు సంచీ ఉంది. సంచీలో రాచెట్ స్క్రూడ్రైవర్. నేను ఎంచినదాని కంటే పిడి లావు, బొటనవేలు వంచే పనే లేదు. అట్ట విప్పేసి ఉంది. పిడి మూత తిప్పితే లోపల రెండే బిట్లున్నాయి, మిగతావన్నీ తీసి సంచీ అడుగున పడేసింది. ఆ రెండూ ఇల్లంతా తిరిగి పెట్టి చూశాను. ఒకటి అలమర స్క్రూలకి, రెండోది మిగతా ఇంటికంతా సరిపోయింది. ఎక్కువ ఉంటే నేను తికమకపడతానని ఆమెకు తెలుసు.

ఆ రోజు మీకు ఫోనేమీ రాలేదని పదకొండో రోజున మీరే చెప్పారు. కారులో కూర్చుని ఆమె చేసిన పని ఇది. నేనే ఆమెకు ధైర్యం చెబుతున్నాననుకున్నాను వదినగారూ. ఆమె అన్నీ తెలిసే తల ఊపింది.

నేను కొన్నది రేపు తిరిగి ఇచ్చేస్తాను. చరితకి ఈ సంగతి చెప్పాలో వద్దో మీకే వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం మా అమ్మ క్షమించాలి. దాన్ని లోపలికి తేవడానికి పద్మినికి ఆదివారం దొరకలేదు. నేను ఆదివారం దాకా ఆగలేకపోయాను. శనివారమే లోపలికి తెచ్చేశాను.