మోటారు మీద పెట్టి చెప్పిన మాట

సోమవారం
మా వాడు కుదిరిన పెళ్ళి వద్దంటున్నాడు. పిల్ల నచ్చలేదా అంటే నచ్చిందంటాడు. ఆపైన నోరు విప్పడు. చిన్నప్పటి నుంచి వాడికి సుగర్, రోజూ ఇన్సులిన్. డాక్టరును అడిగాను. ఇన్నేళ్ళ సుగరుతో మగవాళ్ళకు పడకటింట్లో ఇబ్బంది రావచ్చట. వస్తుందన్న భయమే ఒక్కోసారి సగం జబ్బట. "వైద్యం ఉంది. ముందు ఇంట్లో మాట్లాడుకోండి" అన్నాడు. తండ్రిని, నేనే మాట్లాడాలి. రేపే. ఇదేమంత బ్రహ్మవిద్య!

మంగళవారం
ఉదయం. వాడు పొట్టకు సూది వేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాను. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో పెట్టవద్దని చెప్పాను. అలాగే అన్నాడు. ఇది ఉపోద్ఘాతం. అసలు సంగతి రేపు.

బుధవారం
మా మోటారు రిపేరు షాపు నిండా జనం. మోటార్లకు తీగ చుట్టే చోట ఇలాంటి మాటలా!

గురువారం
షాపులో మేమిద్దరమే. బల్ల మీద నీళ్ళ మోటారు. దాని మీద పెట్టి చెప్పాను. ఒక్కోసారి తిరగదు, అంతమాత్రాన పనికిరాదని పారేస్తామా, తెలిసినవాడికి చూపిస్తాం, అందులో సిగ్గేమిటి అన్నాను. శ్రద్ధగా విన్నాడు. పొంగిపోయాను. భోంచేసి వచ్చేసరికి మోటారు విప్పి, తీగంతా పీకి, మళ్ళీ చుడుతున్నాడు. అది బాగుచేసి పెట్టిన మోటారు.

శుక్రవారం
డాక్టరు మాట మా ఆవిడకు చెప్పలేదు. "చిన్నప్పుడు రోజూ వాడికి సూది గుచ్చిన చెయ్యి మీది. పెళ్ళెందుకు వద్దో ఒక్క ముక్క అడగలేరా?" అంది. తలనొప్పని పడుకున్నాను. కాసేపటికి నిజంగానే వచ్చింది. పిల్ల తరఫువాళ్ళకు ఫోన్ చేసి వద్దని చెప్పేస్తానంటోంది. ఆదివారం దాకా ఆగమన్నాను.

శనివారం
వాన. మాట్లాడలేదు.

ఆదివారం
ఇంట్లో ఫ్యాను బాగుచేస్తుంటే వాడే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.
"నాన్నా, ఆ రోజు నువ్వు చెప్పింది మోటారు గురించి కాదు కదా?"
కాదన్నాను.
"అప్పుడే అర్థమైంది. నీ ముఖం చూడలేక దాన్ని విప్పుకుంటూ కూర్చున్నా."
నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడట. మందులున్నాయట. ఆ అమ్మాయికీ చెప్పాడట. ఇంత చిన్న విషయానికి నన్ను వద్దంటావా అని ఆ పిల్ల తిట్టిపోసిందట. పెళ్ళి చేసుకుంటానన్నాడు. నాకు కళ్ళు తడిశాయి. స్క్రూడ్రైవరు వెతుకుతున్నట్టు వంగాను.
"ఇన్నాళ్ళూ ఎందుకు వద్దన్నానో అమ్మకు మాత్రం నువ్వే చెప్పు నాన్నా. నాకు సిగ్గు."
సరేనన్నాను. పాతికేళ్ళు దాటిన కాపురం, మొహమాటమేమిటి. వంటింట్లోకి వెళ్ళి, వాడు ఒప్పుకున్నాడన్నాను. "మరి ఇన్నాళ్ళూ ఏమొచ్చిందట?" అంది. కూరగాయలు తరుగుతోంది. కత్తి చేతిలో ఉన్న మనిషిని కదిలించడం మంచిది కాదు.
రేపు పొద్దున్నే, తప్పకుండా.