‘పొరబడి’ అనే ఒక్క మాట కొట్టివేయించుట గురించి

అయ్యా,

పడవ ప్రమాద విచారణాధికారి గారి సముఖమునకు, ఇసకదొరువు పట్టపుపాళెం నివాసి, కీ.శే. పామంజి పెంచలయ్య భార్య పోలేరమ్మ వ్రాసుకున్న విన్నపం.

విషయం: నా భర్త మరణంపై తమ నివేదికలో ‘పొరబడి’ అనే మాట తీసివేయించుట గురించి.

1. మా పాళెం ఎదుట ఉన్నది రేవు. పడవలు అక్కడే ఒడ్డెక్కును. నిరుడు చెన్నై వారెవరో దానిని ‘ఎవరికీ తెలియని బీచ్’ అని ఫోన్లలో పెట్టినందున అందరికీ తెలిసిపోయినది. శని, ఆదివారములు పొద్దున కార్లలో వచ్చి, స్నానమాడి, సాయంత్రానికి మరలిపోవుదురు. వారి సీసాలు, బిర్యానీ పొట్లాలు మాత్రం మా దగ్గరే నిద్ర చేయును.

2. సదరు రద్దీ దృష్ట్యా ఆ రెండు దినములు చేపల గంపలతో ఆడవాళ్లు ఒడ్డున నిలబడరాదని తాడు కట్టినారు. తాడు దగ్గర కాపలా మనిషి నాతో, "ఏందక్కా, వాళ్లు ఒక్కరోజు గాలి పీల్చుకుందామని వస్తే మజ్జెలో నీ నీచు కంపేంది? సోమారం రా పో" అన్నాడు. ఆ నీచునే వాళ్లు పక్క పాకలో లొట్టలేసుకుంటూ తింటున్నారు.

3. మేము ఒడ్డున నిలబడేది గంపల కోసమే కాదని మనవి. రేవులో అల ఎక్కువగా ఉంటే, ఒడ్డున ఉన్న ఆడది ఎర్రగుడ్డ తలపైన ఊపును. ఇక్కడికి రావద్దు, ఏరు కలిసే మొగ వైపు పొమ్మని దాని అర్థం. పడవలో ఉన్నవాడు ఎందుకని అడగడు, తిప్పేస్తాడు. మా అత్త ఊపింది. ఆమె తర్వాత నేను ఊపాను.

4. ప్రమాదం జరిగిన ఆదివారం రేవులో అల లేదు. మొగలోనే విరుగుతోంది. ఒక అమ్మాయి ఇసుకదిబ్బ ఎక్కి, ఎర్ర చున్నీ తలపైన ఊపుతూ వీడియో తీయించుకున్నది. ఆమెపై ఫిర్యాదు లేదు, ఆమెకది చున్నీయే. నేను తాడు దాటబోతే పట్టుకున్నారు. "ఈడికే రాయ్యా, నీళ్లు బాగుండాయి" అని గొంతు చించుకున్నాను. పాటల హోరులో పక్కవాళ్లకే వినపడలేదు. మొగ దగ్గర పడవ తిరగబడింది. ఈది బయటపడిన మా మరిది చెప్పినాడు: "నువ్వే అనుకున్నాం వదినా. పోలి ఊపతా ఉండాది, తిప్పరా అన్నాడు అన్న."

5. తమరు ‘మృతుడు సైగను పొరబడి పడవను దారి మళ్లించినందున’ అని వ్రాసినారు. అయ్యా, ఆయన పొరబడలేదు. ఒడ్డు చెప్పింది, ఆయన విన్నాడు. ఇప్పుడు పాళెంలో "పెంచలయ్యకి చూపు ఆనలేదంట" అంటున్నారు. ముప్పూటలా సముద్రం మీద బతికిన మనిషికి పడవలసిన మాట కాదిది.

కావున సదరు మాట కొట్టివేయించి, ‘సైగను సరిగా చదివినందున’ అని వ్రాయించవలెను. బీచ్ మూయమని అడగను. మూయరని తెలుసు. ఆ అమ్మాయి వీడియోను మాత్రం ఫోన్లలో నుంచి తీసివేయించవలెను. ఇంతకంటే నాకు వ్రాయ చేతకాదు, చిత్తగించవలెను.

వేరే గతి లేక తమ విధేయురాలు,
పామంజి పోలేరమ్మ

మరొక మాట: ఆ వీడియోను తీసివేయించొద్దు సార్. ఇది రాసినాక మా కూతురు రోజారమణి చూపించింది. ఆ అమ్మాయి భుజం వెనక మా పడవ ఉంది. ఆయన లేచి నిలబడి, సరే అని నాకు చెయ్యెత్తి, అప్పుడు తిప్పుతాడు.