శ్రావణం దాకా ఆగిన బాట

జూన్ 24, 2003. మంగళవారం

కాలవ రోడ్డు పని ఇంచుమించు అయిపోయింది. నడిచేవాళ్ళకి ఎర్ర బండల ఫుట్‌పాత్, దాని పక్కనే సైకిళ్ళకి విడిగా బాట. ఈయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసొస్తున్నారు. కాఫీ చల్లారిపోతోందండీ అంటే వినిపించుకోరు. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక ఈయనకి ఇదే ఉద్యోగం – అర్జీలు రాయడం, ఆఫీసుల చుట్టూ తిరగడం. బడి పిల్లలు సైకిళ్ళ మీద లారీలకీ కాలవకీ మధ్య నలిగిపోతున్నారని. మొత్తానికి సాధించారు.

జూన్ 29

కాలనీ సంఘం మీటింగు మా వరండాలోనే. టీలు ఇవ్వలేక చచ్చాను. రేపట్నించి ఆషాఢం. రిబ్బను కత్తిరించే పెద్దాయన శ్రావణం వస్తే గానీ రానన్నారట. "ఆషాఢంలో ప్రారంభోత్సవం ఏంటండీ, పదిమందీ తిరిగే బాట..." – ప్రెసిడెంటు అప్పారావు గారు. అందాకా ఎవరూ తొక్కకుండా రెండు చివరలా తాడు కట్టేస్తారట. నడవడానికి కూడా ముహూర్తమా, విడ్డూరం కాకపోతే – వంటింట్లోంచే అనేశాను. అందరూ నవ్వారు. ఈయన నవ్వలేదు. "నలుగురం అనుకున్నాక అదే మాట."

తాడు కట్టింది కూడా ఈయనే.

జూలై 4

పాలతను సైకిలుతో తాడు కింద నుంచి దూరబోతే విజిల్ వేసి ఆపారట. బడిలో వేసే విజిలే. వీధిలో పరువు తీస్తున్నారు.

జూలై 9

ఇద్దరం రైతుబజారుకి. పక్కనే నున్నటి బాట ఉండగా నన్ను రోడ్డు మీద నడిపించారు. వెనక నుంచి బస్సు హారన్‌కి పక్కకి గెంతాను. తాడెత్తి దూరదామండీ, ఎవరు చూడొచ్చారు అన్నాను. "మనమే దాటితే ఇంకెవరాగుతారు?" ఇంటికొచ్చేదాకా సంచి ఆయన్నే మొయ్యనిచ్చాను.

జూలై 15

ఆటో గుద్దింది... ఈయన సైకిలు మీద... ఆస్పత్రిలో ఉన్నాం.

జూలై 17

ఇప్పటికి తెలిసింది ఏం జరిగిందో. షేర్ ఆటో బస్సుని దాటబోయి ఈయన్ని కొట్టింది. సైకిలుతో సహా ఎగిరి ఫుట్‌పాత్ అంచు మీద పడ్డారు. వెన్నెముక... కాళ్ళు గిల్లితే తెలియట్లేదు. తాడు కట్టిన బాట మూరెడు దూరం. దాని మీద వెళ్ళుంటే ఇంటికొచ్చి టిఫిన్ తినేవారు.

అప్పారావు గారు వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నారు. తిడదామని నోటిదాకా వచ్చింది. ఈయనే ఆయన చెయ్యి పట్టుకుని "ఊరుకోండి, మీరేం చేశారు" అంటున్నారు. నా కోపం ఎవరి మీద చూపించను? ఈయన మీదే వస్తోంది. కదల్లేని మనిషి మీద.

ఆగస్టు 2

ఇంటికి తెచ్చాం. డాక్టరు నన్ను పక్కకి పిలిచి – కాళ్ళ మీద ఆశ పెట్టుకోకండమ్మా. ఈయనకి చెప్పలేదు. తెలుసనుకుంటా.

ఆగస్టు 8

ప్రారంభోత్సవం. వరలక్ష్మీ వ్రతం రోజే పెట్టుకున్నారు, మంచి రోజని. మైకు మా ఇంట్లోకి వినిపిస్తోంది. కిటికీ మూశాను. తియ్యమన్నారు. ఈయన పేరు చదివారు, చప్పట్లు కొట్టారు. ఈయన మొహం గోడవైపు తిప్పుకున్నారు.

నేను వ్రతం చెయ్యలేదు. అడిగినవాళ్ళకి జ్వరమని చెప్పాను.

ఆగస్టు 25

"నువ్వెళ్ళి నడిచి రా రాజ్యం. ఎలా ఉందో చెప్పు."

వెళ్ళాను. ఎక్కడ నడవను? ఫుట్‌పాత్ నిండా స్కూటర్లు, టిఫిన్ బండి, దాని బెంచీలు. సైకిళ్ళ బాట మీద సిమెంటు కొట్టు బస్తాలు. పిల్లలు మళ్ళీ లారీల పక్కనే... మొన్ననే కదా తెరిచింది. అక్కడే నిలబడి ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేం.

ఇంటికొచ్చేసరికి నా మొహం వంకే చూస్తున్నారు. బ్రహ్మాండంగా ఉందండీ అన్నాను. పిల్లలు బెల్లు కొట్టుకుంటూ వరసగా పోతున్నారన్నాను.

"వరసగానా?" అని నవ్వారు. ఆస్పత్రి నుంచి వచ్చాక నవ్వడం ఇదే మొదలు.

సెప్టెంబరు 3

రోజూ అడుగుతున్నారు. రోజూ చెబుతున్నాను. ఇవాళ ఒక ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని నింపాదిగా నడుస్తున్నాడని చెప్పాను. ఎక్కణ్ణించి పుడుతున్నాయో నాకీ అబద్ధాలు. అవి విన్నాకే రెండు ముద్దలు ఎక్కువ తింటున్నారు.

సెప్టెంబరు 11

అప్పారావు గారు చక్రాల కుర్చీ తెచ్చారు. ఈయన సంతోషం పట్టలేకపోతున్నారు. "రేపు బడి వేళకి రోడ్డు మీదికి తీసుకెళ్ళు. పిల్లలు అలా వరసగా పోతుంటే చూడాలి." అప్పారావు గారు నా వంక చూశారు. రోడ్డు సంగతి ఆయనకి తెలియందా. తల దించుకుని చెప్పులేసుకున్నారు.

ఎండగా ఉంటోందండీ, నాల్రోజులాగండీ అన్నాను. "ఎండా లేదు గిండా లేదు. ఇన్నాళ్ళూ ఆగాం కదా."

సాయంత్రం కూరలకని చెప్పి వెళ్ళి సిమెంటు కొట్టాయన్ని, టిఫిన్ బండి ఆవిడని బతిమాలాను. రేపొక్క పూట తీసెయ్యండి, మా ఆయన చూడ్డానికొస్తున్నారు... "పొద్దున పూటే కదమ్మా మాకు బేరం" అంది ఆవిడ. "చూద్దాంలెండి" అన్నాడు కొట్టాయన, నా వైపు చూడకుండానే. స్కూటర్ల వాళ్ళని ఎవరినని అడగను?

ఇంట్లో అడుగు పెట్టానో లేదో – "తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేశావా?"

చేస్తున్నాను.