పదకొండు గంటల కొలత

మత్స్య పరిశోధన విభాగపు సంచాలకుల వారి సముఖమునకు జలాశయ కేంద్రపు పరిశోధకుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జలాశయంలో చేపలు చనిపోయిన సంగతిపై నేను సంతకం చేసిన నివేదికను సోమవారం లోగా రద్దు చేయించుట గురించి.

1. తమ కేంద్రంలో నేను పంతొమ్మిదేళ్ళుగా పనిచేయుచున్నాను. నీటిలో ప్రాణవాయువు కొలుచుట, పొలుసు మీది వలయాలు లెక్కించి చేప వయసు చెప్పుట, ఏ కాలంలో ఎంత పట్టవచ్చునో సూచించుట నా విధులు. జీపు పది గంటలకు గాని బయలుదేరదు కనుక ఇన్నేళ్ళుగా పదకొండుకే నీళ్ళు కొలుచుచున్నాను.

2. గత నెల ఒక ఉదయం జలాశయం ఒడ్డున వేల చేపలు చచ్చి తేలినవి. ఆనాడూ పదకొండుకే కొలిచితిని. లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు. "ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నది" అని వ్రాసితిని. గాలి ఉన్నది కనుక విషమే కారణమని పోలీసువారు తేల్చుకుని, ఆ ఉదయం ఒడ్డున మొదట కనబడిన మనిషిని పట్టుకుపోయిరి. అతనిని అందరూ పెద్దవల అంటారు. ముప్పయ్యేళ్ళుగా ఆ నీటిలోనే చేపలు పట్టి బతుకుతున్నవాడు.

3. పట్నపు మురుగు కలిసి ఆ నీరు నాచుతో పచ్చబడినది. నాచు పగటి ఎండలో ప్రాణవాయువును విడుచును, చీకట్లో తానే పీల్చుకొనును. తెల్లవారుజాముకు చేపకు ఏమీ మిగలదు. కొత్తగా చేరినవారికి ఈ పాఠం చెప్పేది నేనే.

4. చచ్చినవన్నీ పెద్ద చేపలు. పిల్లలు బతికే ఉన్నవి. విషమైతే పిల్లలే ముందు పోవును. ఈ ముక్క కూడా వ్రాసితిని. "అనవసరం" అని పైవారు కొట్టివేసిరి. ఆ కొట్టివేసిన కాగితం మీదే సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావంటే, భోజనం వేళయింది, అంతే.

5. తర్వాత ఐదు రోజులు సైకిలు మీద వెళ్ళి తెల్లవారకముందే కొలిచాను. ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఆ లెక్కలు పంపితే తిరిగి వచ్చాయి: "పని వేళల వెలుపల తీసిన కొలతలు, జీపు పుస్తకంలో ప్రయాణం నమోదు కానందున, పరిగణింపబడవు." అయ్యా, చేపలు పని వేళలు చూసుకుని చావవు.

6. పెద్దవల నాకు రెండేళ్ళ క్రితమే చెప్పాడు. "సారూ, మీరొచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది. పొద్దు పొడవకముందు ఒకసారి రండి. చేపలు నోళ్ళు పైకి పెట్టి గాలి మింగుతుంటాయి, చూడలేం." "అప్పుడు జీపు ఉండదయ్యా" అన్నాను. అది గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

కావున సదరు నివేదిక తప్పని ప్రకటించి, ఆ సంగతి సోమవారం విచారణ లోగా న్యాయస్థానానికి తెలియజేసి, శిక్ష ఏదైనా ఉంటే నాకే వేయవలసినదిగా వేడుకొనుచున్నాను. ఈ ఒక్కసారికి చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు, విధేయత వల్లనే ఇంత చేసినవాడు,
జలాశయ కేంద్రపు చేపల పరిశోధకుడు

తా.క.: కవరు అంటించబోతుంటే పెద్దవల భార్య వచ్చింది. జైల్లో అతణ్ణి చూసి నేరుగా ఇక్కడికే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "సోమవారం నేరం ఒప్పేసుకుంటాడంట సారూ. 'ఆయన చదువుకున్నాయన, మిషన్ పెట్టి చూసి రాశాడు, అబద్ధమెందుకు రాస్తాడు? వలకు పట్టించిన రంగులో ఏదో ఉండుంటుంది, నేనే చంపానేమో' అంటున్నాడు. నిద్రపోవడం లేదు. మీరొచ్చి ఒక్క మాట చెప్తారా, ఆయన చంపలేదని?"

ఆమెతోనే బయలుదేరుతున్నాను. నేనేం చెప్పినా నమ్ముతాడు.